గాజు నడుము

అక్కా, కంగారుపడకు, బతికే ఉన్నాను. నడుం నొప్పి ఉన్నా మొన్నటిదాకా గోదాములో బస్తాలు మోశాను. డాక్టరు ఎక్స్‌రే చూసి, "నీ నడుము గాజుసామానయ్యా, వంగావో పుటుక్కుమంటుంది" అన్నాడు. అప్పటి నుంచి కింద పడ్డ చెప్పు తీసుకోవాలన్నా ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి. పనికి వెళ్లడం లేదు. "ఈ వయసులో అందరి నడుమూ ఇంతే అన్నా, ఏం కాదు" అని నర్సమ్మ తర్వాత చెప్పింది. ఆ మాట చెవికెక్కలేదు, ముందుదే ఎముకల్లో కూర్చుంది.

అమ్మ మోకాలికి నూనె రాస్తున్నావా? ఆస్పత్రికి తీసుకెళితే, డాక్టరు ఎక్స్‌రే చూసి మాట్లాడేటప్పుడు అమ్మను బయట కూర్చోబెట్టు. బావకు నమస్కారాలు. బుజ్జిదానికి ముద్దులు. ఈసారి మామయ్య భుజాలకెక్కించుకోడని దానికి ముందే చెప్పి ఉంచు.

నీ తమ్ముడు