వేపపువ్వుకు పట్టిన చెమ్మ

తెలుక్ ఇంటాన్, మలేసియా,
ఆదివారం

చిన్నమ్మకు,

తాతయ్య కర్మల నాడు మీరూ అమ్మా మాటా మాటా అనుకున్నాక, ఇరవై ఏళ్ళకు మా ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందని కంగారుపడకండి. అమ్మ బాగానే ఉంది.

ఈ ఏడు వేపపువ్వు ఎండబెట్టబోతే రోజూ వానే. ఫ్యాను కింద పరిచినా రెండుసార్లు బూజు పట్టింది. అప్పుడు మీరు సుంగై సుమున్ ఎస్టేటులో కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో పనిచేసిన రోజులు గుర్తొచ్చాయి. పువ్వును పల్చటి గుడ్డమీద పరిచి, కొట్టం వెచ్చటి గోడ పక్కన పెట్టేవారు. గంటకోసారి కలపడం నా పని. మీ చీరకు ఎప్పుడూ కొబ్బరి పొగ వాసన ఉండేది.

నేనూ అలాగే ఫ్రిజ్ వెనక వెచ్చటి చోట పెట్టాను. నాలుగు రోజులకు గలగలలాడింది.

ఆ పువ్వు వేసిన చారు కలుపుకుని అమ్మ ఒక ముద్ద తిని ఆగింది. "సింహాచలం వొచ్చినాదేటి?" అని మీ పేరెత్తి అడిగింది. కాదు, నేనే చేశానన్నాను. ఇంకో ముద్ద కలుపుకుంటూ, "దాన్ని రమ్మని రాసెయ్ లా. ఆ తగువేటో మర్సిపోనాను" అంది, మధ్యలో మలయ్ వాళ్ళ 'లా' ఒకటి తగిలించి.

అమ్మ ఏదీ మర్చిపోదని మీకూ తెలుసు. అయినా రమ్మంది. శనివారం మీ ఇపోలో పొద్దుటి బస్సు ఎక్కండి. ఇక్కడ బస్టాండులో నేనుంటాను.

మీ అక్క కూతురు