ఖాళీ చేసిన చోటు

అక్కా,

నేను ఫోన్ ఎత్తడం లేదని నీకు ఒళ్ళు మండిపోతోందని తెలుసు. "ఏం తప్పు చేశామని మీ ఆవిడ మమ్మల్ని ఇలా వెలేసింది?" అని బావగారు నీ మరిదిని నిలదీశారట. ఈయనే వచ్చి చెప్పారు. కిందటిసారి మాట్లాడుకున్నప్పుడు నువ్వు, "ఏమిటే, మాట అంత ముద్దగా వస్తోంది? నిద్రలో ఉన్నావా, నాతో మాట్లాడాలంటే బద్ధకమా?" అన్నావు. నేను జవాబు చెప్పకుండా పెట్టేశాను. నిద్రా కాదు, బద్ధకమూ కాదు. నా నాలుక నా చెప్పుచేతల్లో లేదక్కా.

మొదట బస్టాండులోనే బయటపడింది. ఆ గాజు కిటికీ వెనక మైకు ముందు కూర్చుని ఇన్నేళ్ళుగా అవే మాటలు చెబుతున్నాను కదా. ఒకరోజు "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అనబోతే ఆ "సిద్ధముగా" నోట్లోనే చితికిపోయింది. కింద ఎవరో డ్రైవరు, "ఇవాళ అమ్మగారు పన్ను పీకించుకొచ్చినట్టున్నారు!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత మంచినీళ్ళు తాగితే పొలమారడం మొదలైంది. తర్వాత మేనేజరు పిలిచి, చాలా మర్యాదగానే, "ప్రయాణికులకి అర్థం కావట్లేదమ్మా, కొన్నాళ్ళు పాసుల గదిలో కూర్చోండి" అన్నారు. ఇప్పుడు నా కుర్చీలో మనిషే లేదు. ఎక్కడి ఆడమనిషి గొంతో, ఒక యంత్రం చెబుతోంది. తడబడదు, దగ్గదు, మధ్యలో టీ తాగదు.

డాక్టర్ల చుట్టూ తిరిగాం. చివరికి ఒక పెద్ద డాక్టరు నా మొహం చూడకుండా, రిపోర్టు వైపే చూస్తూ చెప్పేశాడు. కండరాలకి కబురు మోసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట. నాకు నాలుక దగ్గర మొదలైందట. ఆ తర్వాత చేతులు, కాళ్ళు. ఆఖరున ఊపిరి. "మందు లేదా?" అని ఈయన అడిగితే, "కాస్త నెమ్మదిగా పోయేలా చేసే మందు ఉంది" అన్నాడు. బయటికొచ్చి ఆస్పత్రి లిఫ్టు ఎక్కాం. నీ మరిది చెవి గోడకి ఆనించి, "దీని బ్రేకు అరిగిపోతోంది, వినపడుతోందా?" అన్నారు. 

నీకు ఇదంతా ఫోనులో చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. చెప్పబోయే మాట ఏ నోటితో చెప్పాలో ఆ నోరే పాడైతే ఎలా చెప్పను? నువ్వు "ఏమిటీ? ఏమిటీ?" అంటావు, నేను మళ్ళీ చెప్పాలి. అది నావల్ల కాదు. అందుకే ఈ ఉత్తరం.

ఇంకో సంగతి. ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకామె ఉంది. చిన్న పిల్ల, నెమ్మదస్తురాలు. కొన్ని వందల వాక్యాలు ఇచ్చి ఇంట్లో కంప్యూటరులో రికార్డు చేయమంది. వాటిని విని కంప్యూటరు నా గొంతు తయారుచేస్తుందట. రేపు నా నోరు పూర్తిగా పోయాక నేను టైపు చేస్తే అది నాలాగే పలుకుతుందట. "ఆలస్యం చేయకండమ్మా, ఇవాళ ఉన్న గొంతు వచ్చే నెలకి ఉండదు" అంది. ఎంతో ఆశగా ఇంటికొచ్చి మైకు తగిలించానా, రెండు వాక్యాలు చెప్పేసరికి చోటు లేదని ఆగిపోయింది. చూస్తే డిస్కు గీత చివరిదాకా ఎర్రగా ఉంది.

నీ మరిది సంగతి నీకు తెలియనిదేముంది? లిఫ్టులు బాగుచేసే మనిషి. ఒక తాడు తెగితే ఇంకో తాడు, అదీ తెగితే బ్రేకు, అదీ పట్టకపోతే కింద స్ప్రింగు. ఇంట్లో గొడుగులు కూడా జంటలే. కంప్యూటరు ఏ క్షణాన కూలిపోతుందోనని నెలనెలా దాని సిస్టమ్ మొత్తానికి నకలు తీసి దాస్తూ వచ్చారు. పాత కంప్యూటరు చచ్చిపోతే దాని నకళ్ళన్నీ తెచ్చి కొత్తదానికి ఎక్కించారు. కొత్త సిస్టమ్ వేసినప్పుడు అది పాతదాన్ని ఒక ఫోల్డరులో మూటగట్టి పెట్టుకుంది, దాన్నీ ఉండనిచ్చారు. ఇల్లంతా పాత మంచాలే వేసుకుని మనుషులు వీధిలో నిలబడ్డట్టుంది మా పరిస్థితి.

"ఇవన్నీ తీసేయండి" అన్నాను.

"తీసేస్తే, రేపు ఇది ఆగిపోతే?"

"అది ఆగితే ఆగుతుంది. ముందు నేను ఆగిపోతున్నానుగా!"

ఆయన మౌసు వదిలేసి వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కున్నారు. చేతులకి మరకేమీ లేదు. చాలాసేపు కడుక్కున్నారు.

ఇది చదివి ఫోన్ చేయకు. రాయి.

నీ వసపిట్ట


అక్కా,

నీ ఉత్తరం చదివాను. వెంటనే బయలుదేరి వస్తానన్నావు. వద్దు. నువ్వు నన్ను చూస్తే ఫరవాలేదు, వినడమే నాకు ఇష్టం లేదు. నీ చెవిలో నా పాత గొంతే ఉండనీ.

ఆదివారం పొద్దున్నే నీ మరిది తనంతట తనే కంప్యూటరు ముందు కూర్చున్నారు. పాత నకళ్ళు ఒక్కొక్కటే తెరిచి, లోపలంతా వెతికి, మూసి, అప్పుడు చెరిపేశారు. "ప్రతిదాన్నీ ఏమిటలా చూస్తారు?" అంటే "ఊరికే" అన్నారు. ఆఖరికి ఆ పాత సిస్టమ్ ఫోల్డరు మిగిలింది. అది మామూలుగా చెరిపితే పోలేదు, అనుమతి లేదంది. దానికి వేరే దారి ఉంది. డిస్కు శుభ్రం చేసే చోటికి వెళ్ళి, పాత సిస్టమ్ అన్నచోట టిక్కు పెట్టాలి. పెడితే, "ఇది తీసేస్తే మళ్ళీ వెనకటి స్థితికి వెళ్ళడం కుదరదు, సరేనా?" అని అడిగింది. ఆయన చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. నేను ఆయన భుజం మీదుగా వంగి నొక్కేశాను. కాసేపటికి ఎర్ర గీత సగానికి పైగా ఖాళీ అయి నీలంగా మారింది. ఇంట్లో గోడ కూల్చి గది పెంచుకున్నంత సంతోషం వేసిందక్కా ఆ క్షణాన.

ఆ వారమంతా రికార్డింగే. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. "తలుపు వేసి వెళ్ళు." "రేపు వాన పడేలా ఉంది." "నాకు దాహంగా ఉంది." నేను తడబడితే ఆయన "మళ్ళీ" అనేవారు. ఒకచోట "మీ అబ్బాయి బాగా చదువుతున్నాడా?" అని ఉంది. పిల్లల్లేని ఇంట్లో ఆ ప్రశ్న ఎవర్ని అడగాలో తెలియక ఇద్దరం పగలబడి నవ్వాం. అంత నవ్వు ఈ మధ్య ఎరగం.

అంతా పూర్తిచేసి పంపితే డాక్టరమ్మ పిలిచింది. కంప్యూటరు నా గొంతు తయారుచేసింది. "నేను బాగున్నాను" అని టైపు చేశాను. అది చెప్పింది. అచ్చం నాలాగే చెప్పింది. ముద్దముద్దగా, సగం మింగేసి. నేను రేపు పారేయబోయే గొంతునే అది పదిలంగా పట్టుకుంది. ఆ పిల్ల తల దించుకుని, "మనం ఏది ఇస్తే అదే నేర్చుకుంటుందమ్మా. మీ గొంతు బాగున్నప్పటి రికార్డింగులు ఏవైనా ఉన్నాయా? ఒక్క గంట చాలు" అంది.

నేరుగా బస్టాండుకి వెళ్ళాను. సౌండ్ ఆపరేటరు పాతవాడే, నేనంటే గౌరవం. "కొత్త మిషను పెట్టినప్పుడు పాతవన్నీ చెరిపేశారండి, సీడీ కూడా పారేశారు. అయినా అవి మీరు ఇంట్లోనే కదా రికార్డు చేసి సీడీ తెచ్చిచ్చింది? అసలువి మీ కంప్యూటర్లోనే ఉండాలిగా!" అన్నాడు.

అక్కా, అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అన్ని రూట్లకీ ముందే రికార్డు చేసి పెట్టుకుందామని వాళ్ళు అడిగితే, ఇంట్లో గది మోగుతోందని దుప్పటి కప్పుకుని కూర్చుని చెప్పాను. ఊళ్ళ పేర్లు, అంకెలు, గంటలు, "ఆలస్యముగా నడుచుచున్నది", "దయచేసి గమనించండి", అన్నీ. ఊపిరాడక చచ్చాను, ఈయన దుప్పటి అంచు ఎత్తి అట్టతో విసిరారు. గంట కాదు, గంటలకొద్దీ గొంతు. అదంతా పాత కంప్యూటరులో ఉండేది. దాని నకళ్ళన్నీ ఆ ఆదివారం చెరిపేయించాను. ఆఖరిది నా వేలితోనే నొక్కాను. వెనక్కి తెప్పించవచ్చా అని అడిగితే, అదే చోటులో కొత్తవి ఎక్కించాక ఇక కష్టమన్నాడు. నా మంచి గొంతు తీసేసి ఆ చోటులో ఈ ముద్ద గొంతు నింపుకున్నాను.

ఈయనకి చెప్పలేదు, చెప్పను కూడా. వద్దు వద్దంటుంటే వినకుండా చేయించింది నేను. ఇప్పుడు తెలిస్తే నన్ను ఒక్క మాట అనరు, తనలో తను కుళ్ళిపోతారు. డాక్టరమ్మకి ఏమీ లేవని చెప్పేశాను. ఆ యంత్రం గొంతూ వద్దన్నాను. వేళ్ళు సాగినన్నాళ్ళు రాసి చూపిస్తాను. ఆ తర్వాత సంగతి తర్వాత. పెన్ను ఇప్పటికే జారుతోంది, నా అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. ఈ సంగతి నీ కడుపులోనే పెట్టుకో.

నీ చెల్లెలు


వదినగారికి,

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మీ చెల్లెలికిచ్చిన మాట తప్పి మీరు నాకు రాశారు. తప్పి మంచిపని చేశారు. "అది మనసులో పెట్టుకుని నలిగిపోతోంది, నువ్వు దాన్ని ఏమీ అనకు మరిదీ" అని రాశారు. నేను అనేదేముంది వదినగారూ? ఆ రికార్డింగులు ఆ నకళ్ళలో లేవు. ఎప్పుడూ లేవు.

చోటు కోసం మేము గొడవపడ్డ మర్నాడు, పని మీద ఒక లిఫ్టు గుంతలో దిగి ఉండగా నాకు ఆ దుప్పటి గుర్తొచ్చింది. పైకొచ్చి పని అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను. వెతికి దొరికాక తనకి వినిపిద్దామనుకున్నాను. అందుకే ఆదివారం ప్రతి నకలూ తెరిచి చూశాను. కంప్యూటరు ఎలా లేవాలి, తెర ఎంత వెలుతురుగా ఉండాలి, ప్రింటరుతో ఎలా మాట్లాడాలి, అన్నీ భద్రంగా ఉన్నాయి. మీ చెల్లెలు పలికిన మాట ఒక్కటి లేదు. నకలు తీసేటప్పుడు సిస్టమ్ ఒక్కటేనా, మీ ఫైళ్ళు కూడానా అని అది అడుగుతుంది. నేను సిస్టమ్ ఒక్కటే అన్నాను. తన గొంతు ఉన్నది ఆ పాత కంప్యూటరు డిస్కులోని రెండో భాగంలో. ఆ డిస్కు చెడిపోయినప్పుడు, నకళ్ళున్నాయన్న ధీమాతో నేనే తీసుకెళ్ళి పాత ఇనుము కొట్లో వేసి వచ్చాను.

ఆ చివరి ఫోల్డరు కూడా తెరిచి చూశాకే నా చెయ్యి ఆగింది. ఇక వెతకడానికి ఏమీ మిగల్లేదని ఆగింది. తను నేను భయపడుతున్నాననుకుంది. చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను. ఆ నొక్కిన వేలు తనకి ఇంత బరువైందని మీరు రాసేదాకా నాకు తెలియదు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే దానికి ఏడ్చాం.

నిన్న మధ్యాహ్నం చెప్పాను. ఇప్పుడు తనకి మెడ నిలవడం లేదు, పట్టీ వేస్తున్నాం. కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుని, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. కళ్ళార్పకుండా విన్నది. విని, ఒక మాట అన్నది. మాట కాదు, చాలా పొడుగ్గా ఏదో చెప్పింది. మామూలుగా నేను పట్టుకోగలను. నీళ్ళు, దిండు, దీపం, దోమ, ఇలాంటివి సగం విన్నా తెలిసిపోతాయి. ఇది వాటిలో ఏదీ కాదు. "మళ్ళీ చెప్పు" అన్నాను. చెప్పింది. కాగితం, పెన్ను ఇస్తే వేళ్ళు పట్టలేదు. కంప్యూటరు జరిపితే తోసేసింది. మళ్ళీ చెప్పింది, ఈసారి మెల్లగా, ఒక్కో ముక్కా విడదీసి, నాకోసం. చొంగ కారిపోతోంది, మెడ నరాలు తేలాయి. అంత కష్టపడుతుంటే చూడలేక నేను తల ఊపి, "అవును, అర్థమైంది" అన్నాను.

అర్థం కాలేదని తనకి తెలిసిపోయింది. కళ్ళు మూసుకుంది. అప్పటినుంచి నీళ్ళు కావాలన్నా నోరు తెరవడం లేదు, కంటితో చూపిస్తోంది.

అది తిట్టో, పోనీలెండి అన్న మాటో, ఈ రెండింటికీ సంబంధం లేని ఇంకేదైనా మాటో నాకు తెలియదు. తిట్టయినా సరే, ఏమిటో తెలియాలి.

పెళ్ళయిన కొత్తలో తను ఒకటి చెప్పేది. చిన్నప్పుడు తనకి మాటలు ఆలస్యంగా వచ్చాయట, వచ్చినా ఇంట్లో ఎవరికీ తెలిసేవి కావట. మీరే పక్కన నిలబడి, "అది పాలడగట్లేదమ్మా, పావురం వచ్చిందంటోంది" అని అత్తయ్యగారికి విడమరిచి చెప్పేవారట. రావద్దని తను మీకు రాసిందని తెలుసు. అయినా రండి. ఈ కొంచెం గొంతు కూడా ఎన్నాళ్ళో నిలవదని డాక్టరమ్మ అంది. మీరు వచ్చేసరికి తను మళ్ళీ నోరు విప్పుతుందన్న నమ్మకం నాకు లేదు. విప్పినా ఇన్నేళ్ళ తర్వాత మీకు తెలుస్తుందన్న నమ్మకమూ లేదు.

మీరు తన దగ్గర కూర్చోండి. నేను గుమ్మం అవతల ఉంటాను. మీకు తెలిస్తే నాకు చెప్పండి. తగ్గించి చెప్పొద్దు, తను ఎలా అంటే అలాగే చెప్పండి.

మీ మరిది