మానిటర్ అంచున కాగితం

కాకినాడ, గురువారం

పక్క సీటు శారదగారు కంప్యూటర్లో ప్లాన్లు గీసే ఆటోకాడ్‌లో ఏ రంగు గీత ప్రింటులో ఎంత మందం రావాలో కాగితం మీద రాసి మానిటర్‌కి అతికించుకున్నారు. "చేరి ఆర్నెల్లయినా ఇంకా కాగితం చూసుకోవాలేంటండీ?" అని సోమవారం అందరి ముందూ ఎగతాళి చేశాను. పెద్ద సీనియర్ని మరి!

నిజానికి నాకూ అవి గుర్తుండవు. ఆవిడ లంచ్‌కి లేవగానే మెడ చాచి ఆ కాగితమే చూస్తాను. నిన్న అలా చూస్తుంటే ఆవిడ నా వెనకే నిలబడి ఉన్నారు.

ఇవాళ వెళ్లేసరికి కాగితం నా వైపు అంచుకి మారింది. అక్షరాలు కూడా పెద్దవయ్యాయి.

"అక్కణ్ణుంచి కనబడుతున్నాయాండీ?" అని మెల్లగా అడిగారు, ఎవరికీ వినబడకుండా.

తలూపాను, అంతే. సోమవారం నా గొంతు మాత్రం ఆఫీసంతా వినబడింది.