నొప్పి ఎంతో అడిగే పిల్ల

పెద్ద డాక్టరుగారికి, మీ ఆసుపత్రిలో మోకాళ్ల నొప్పుల కొత్త మాత్రను పరీక్ష కోసం మింగుతున్న ముసలమ్మ నమస్కారాలు.

బాబూ, కోప్పడకుండా చదవండి. నాకు అసలే గుండెదడ.

నొప్పి ఎంతుందో అడిగి రాసుకునే అమ్మాయి ఉంది కదా, ఆ పిల్ల బంగారం. సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే భరించలేనట్టు అని చెప్పింది. మొదట ఎనిమిది అన్నాను. కొన్నాళ్లు మాత్రలు వాడి మళ్లీ వెళ్తే, "ఇప్పుడెంత అమ్మమ్మా?" అని ఎంతో ఆశగా అడిగింది. ఎనిమిదే అందామంటే ఆ మొహం చూసి మనసొప్పలేదు. ఆరు అన్నాను. మురిసిపోయింది. అప్పట్నుంచి వెళ్లినప్పుడల్లా కాస్త తగ్గిస్తూ రెండుకు దిగాను. మెట్లు కుంటుకుంటూ ఎక్కడం చూస్తుందేమోనని అందరికంటే ముందే వచ్చి కూర్చుంటున్నాను.

నిన్న, "మీలాంటి వాళ్ల వల్లే ఈ మాత్ర అందరికీ వస్తుంది అమ్మమ్మా" అంది. ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు. మా చెల్లెలివీ ఇలాంటి మోకాళ్లే, మీ మాత్ర కోసమే కాచుక్కూర్చుంది. నా మొహమాటానికి అదీ, ఇంకెంతమందో పనికిరాని మాత్ర మింగితే ఆ పాపం నాదే కదా?

నా నొప్పి ఎనిమిదే బాబూ. చలేస్తే తొమ్మిది. రాసుకున్నవన్నీ దిద్దించండి. ఆ పిల్లకు మాత్రం భోంచేశాక చెప్పండి, లేకపోతే తినదు.

ఈసారి నన్ను అడగడానికి ఎవరైనా చిటపటలాడే మనిషిని కూర్చోబెట్టండి. వాళ్లకైతే నిజం చెప్పగలను. మీరు మాత్రం వద్దు బాబూ, మీరూ నవ్వుతూనే అడుగుతారు.

ఇట్లు,
మీ ఎనిమిది నొప్పుల అమ్మమ్మ