మాగని జాడీ వాసన

అత్తర్లు కలిపి అమ్ముకుంటూ, వీధిలో అందరిచేతా అత్తరక్క అనిపించుకుంటున్న నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. తెలివి ఉందని మామూలుగా ఒక్క మాట రాస్తే సరిపోతుందట. నా విషయంలో సరిపోదు. "అక్కకి మతి పోయింది, వీలునామా ఎక్కడ పెట్టిందో తనకే గుర్తులేదు" అని నా తమ్ముడు వీధంతా చాటాడు. మొన్న డాక్టర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఇవాళ కోడలిని కావాలనే బజారుకి పంపాను. పక్కన కూర్చుని రాయించిందన్న నింద ఆ పిల్లకి రాకూడదు. ఎదురుగా స్టూలు మీద కింది అంతస్తు దర్జీ మాత్రం ఉన్నాడు.

1. ఇంతకుముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. దాన్ని పనిగది బీరువాలో, కొత్తగా కలిపిన పొగాకు అత్తరు జాడీ పక్కన దాచాను. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి లేదు. ఇల్లంతా గాలించాను, దిండ్లు విప్పాను, బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే మతి పోయిందేమోనని వణికిపోయాను. ఆ భయం పగవాళ్ళకి కూడా వద్దు.

నిన్న తమ్ముడు నా దుప్పటి సర్దడానికి వంగాడు. వాడి చొక్కా చేతి మడతలోంచి నా పొగాకు అత్తరు వాసన వచ్చింది. కానీ అది ఇంకా మాగనిది. ముందు స్పిరిట్ ఘాటు, తీపి ఎక్కడో వెనక. దుకాణంలో అమ్మే సీసాలన్నీ మాగినవే. మాగనిది ఆ బీరువాలోని జాడీ ఒక్కటే. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ బీరువా తాళంచెవి వాడి దగ్గరే ఉంది. కాబట్టి నాకు మతి పోలేదు. ముక్కు అసలే పోలేదు.

2. దుకాణం, పనిగది, అత్తర్లు కలిపే పాళ్ళు రాసిన కాగితాలు నా కోడలికి చెందాలి. నా కొడుకు పోయిన కొత్తలో "నీకిక్కడేముందమ్మా, పుట్టింటికి వెళ్ళు" అని తమ్ముడు నా ఎదుటే అన్నాడు. ఆ పిల్ల కొంగు దోపుకుని సీసాలు కడగడానికి కూర్చుంది. వీలునామా లేకుండా నేను కళ్ళు మూస్తే దుకాణాన్ని ఏదో పెద్ద కంపెనీకి అమ్మేయాలని వాడి ఆలోచన. అదే జరిగితే కోడలు రోడ్డున పడుతుంది. నా కంటికి కునుకు లేనిది ఇందుకే.

3. పొగాకు అత్తరు రోజూ పూసుకునేది. చొక్కా జేబులో పట్టే చిన్న సీసాల్లోనే అమ్మాలి. బస్సు కండక్టర్లూ నర్సులూ పొద్దున్నే పనికి పోతూ పూసుకోవాలి. మఖమల్ పెట్టెలో పెట్టి "విందులకు మాత్రమే" అని రాస్తే నా ఆత్మ ఊరుకోదు. అది మా నాన్న చొక్కా వాసన. ఆయన పొగాకు గోదాములో ఆకు మాగబెట్టేవాడు, జన్మలో ఒక్కసారి కూడా పొగ తాగలేదు. మేకుకి తగిలించిన ఆ చొక్కాలో తేనె, ఎండుద్రాక్ష, ఎండిన ఆకు కలిసిన వెచ్చటి వాసన ఉండేది. అమ్మ పోయాక ఆ చొక్కా కప్పనిదే తమ్ముడు నిద్రపోయేవాడు కాదు. వాడే పెద్దయ్యాక, "పొగాకు కంపు ఎవడు పూసుకుంటాడే అక్కా" అని నలుగురిలో నవ్వాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

4. ఆస్పత్రిలో నా జడ విప్పి దువ్విన నర్సుకి నా ఊలు శాలువా. మా వీధి సబ్బుల దుకాణం పెద్దమనిషికి ఏమీ లేదు, ఎందుకో ఆయనకే తెలుసు. దర్జీకి కిటికీ పక్క పడక్కుర్చీ ఇద్దామనుకున్నాను. సాక్షికి ఇందులో ఏదీ రాయకూడదని వకీలు చెప్పాడు. పాపం, దర్జీ మొహం చూస్తే నవ్వొస్తోంది.

5. ఇక్కడ కలం ఆగింది. రెండో సాక్షిగా రావలసిన సీసాల వ్యాపారి ఇంకా రాలేదు. తలుపు సందులోంచి మాగని అత్తరు వాసన వస్తోంది. తమ్ముడు అవతల నిలబడి ఉన్నాడు. దర్జీకి తెలియదు, నాకు తెలుసు. వచ్చి ఈ కాగితం కూడా లాక్కుంటే ఆపే బలం నాకు లేదు. ఇక్కడి నుంచి అక్షరాలు వంకరపోతే అది భయం వల్లే.

కానీ నిన్నటి నుంచి ఒకటే ఆలోచన. కాగితం కోసం బీరువా తెరిచినవాడికి జాడీ మూతతో ఏం పని? సరే తీశాడు, చొక్కాకి ఎందుకు పూసుకున్నాడు? ఇవాళ మళ్ళీ ఎందుకు పూసుకొచ్చాడు? వాడికీ నాన్న కావాలి. ఆ మాట నోటితో అడగలేడు, చిన్నప్పటి నుంచీ అంతే.

6. నా తమ్ముడి పేర ఇందులో ఏమీ రాయడం లేదు. అది కోపంతో కాదు. రెండో సాక్షి చోటు వాడి కోసం ఖాళీగా ఉంచాను. అక్కకి మతి ఉందని వాడు తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఇష్టం లేకపోతే కోర్టుకెక్కవచ్చు. పెడితే మాత్రం ఆ జాడీ నేనే చేతికిస్తాను. మాగేదాకా మూత తియ్యకూడదు.

దర్జీని తలుపు తియ్యమంటున్నాను.

తేదీ: 2025 నవంబర్ 9, ఆదివారం ఉదయం

(సంతకం) అత్తరక్క

సాక్షులు:

1. కింది అంతస్తు దర్జీ (సంతకం)

2. అక్కకి మతి ఉంది. నా కళ్ళముందే సంతకం చేసింది. నా చొక్కా జేబులో ఉన్న పాత కాగితం కూడా తనకి ఇచ్చేశాను. తమ్ముడు (సంతకం)