మంచు పూసిన డిసెంబరు ప్లేటు

పశ్చిమ గోదావరి జిల్లా ఏలూరులో, మిషను కాంపౌండు వెనక వీధిలో కాపురముంటున్న ఫోటోగ్రాఫరును, కీర్తిశేషులు నేలపూడి విశ్వాసం మాస్టారి భార్యను, నేలపూడి హన్నమ్మ అనే నేను, ఈస్టరు మర్నాడు, కిటికీ పక్కన మంచి వెలుతురులో కూర్చుని, నా సొంత చేత్తో రాసి ఉంచుతున్న వీలునామా.

నా బుద్ధి స్థిరంగా ఉంది. జ్ఞాపకం అంతకంటే స్థిరంగా ఉంది. కొందరికి ఇబ్బంది దానితోనే. ఎవరి బలవంతమూ, ప్రలోభమూ లేవు. ముసలావిడ కోపంతో రాసింది కనుక చెల్లదని రేపు ఎవరైనా కోర్టుకెక్కవచ్చు. అవును, కోపంతోనే రాస్తున్నాను. కోపం మతిచాంచల్యం కిందికి రాదని ప్లీడరు అచ్యుతరావు గారిని ముందే అడిగి తెలుసుకున్నాను.

1. ఇంతకు మునుపు 1931లో నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు పరుస్తున్నాను. అందులో ఇల్లు, కెమెరా, గాజు ప్లేట్లు, సమస్తమూ మా మరిదిగారి కొడుకు ప్రసాదరావుకే రాశాను. అతను తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో హెడ్ గుమాస్తా. నన్ను పెద్దమ్మగారూ అంటాడు, నా ఎదుట కుర్చీలో కూర్చోడు, చెప్పులు గుమ్మం అవతలే విడుస్తాడు. అంతటి మర్యాదస్తుడి పేరు ఎందుకు కొట్టేశానో నాలుగో పేరాలో రాశాను.

2. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పై అచ్యుతరావు గారికీ, భీమడోలులో పంతులమ్మగా ఉన్న ప్రసాదరావు చెల్లెలు సువర్ణకూ అప్పగిస్తున్నాను. అన్న మీద ప్రేమ కొద్దీ సువర్ణ ఎక్కడైనా మెత్తబడితే అచ్యుతరావు గారు గట్టిగా ఉండాలి. ఆయన గట్టిగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు గాని, వేరే ప్లీడరు నాకు తెలియదు.

3. నన్ను ఏలూరు సమాధుల తోటలో మా వారి పక్కన, మా అమ్మాయి కృపమ్మకు దగ్గరగా పాతిపెట్టాలి. కాగితపు లిల్లీ పూల దండలు వద్దు. ఈ జిల్లాలో లిల్లీలు ఎవరు పండించారు? నేను పోయిన వేళకు ఈ నేల ఏది ఇస్తుంటే అది పెట్టండి. వానల్లో పోతే కొల్లేటి తామరలు, కోతల్లో పోతే వరికంకులు. కాలవలు కట్టేసిన ఎండల్లో పోతే వేపరెమ్మ చాలు.

4. ఇప్పుడు నా ప్లేట్ల సంగతి. మిషను దొరసాని గారు స్వదేశం వెళ్ళిపోతూ తన స్టాండు కెమెరా నాకిచ్చి, పండగలకు కాంపౌండు పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటోలు తీయమన్నారు. ఆవిడ మాట ప్రకారం పిల్లల్ని తీశాను. తరవాత కెమెరా చంకనెత్తుకుని గేటు దాటాను. పండగ నాడు నేల ఏం చేస్తోందో తీయడం అప్పటి నుంచీ నా వాడుక. ఈస్టరు పొద్దున సమాధుల మీద రాలిన వేపపూత. కొత్తనీరు వదిలిన రోజున ఏలూరు కాలవ లాకుల దగ్గర నురగతో పాటు కొట్టుకొచ్చే చెత్త, దాన్ని చూడ్డానికి పనులు మానుకుని వచ్చిన జనం. దీపావళి వెళ్ళగానే కొల్లేట్లో దిగే గూడబాతులు. నా స్నేహితురాలు, తివాచీలు నేసే దాదాపీర్ గారి భార్య మహబూబ్ బీ పెరట్లో రంజాను. మొదటిసారి తీసినప్పుడు నడి వానలు, సేమ్యా ఆరక పొయ్యి మీద దండెం కట్టింది. ఆ పండగ ఏటా కొంచెం కొంచెం ముందుకు జరిగి 1935లో మా క్రిస్మసు వారంలోకే వచ్చింది. అదే పెరట్లో, మంచి పొడి ఎండలో, అదే దండెం మీద సేమ్యా ఆరింది. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా సంతోషం కలుగుతుంది.

కిందటి వానాకాలంలో ప్రసాదరావు వచ్చాడు. "పెద్దమ్మగారూ, మా మిల్లు క్యాలెండరుకి ఈసారి మీ ఫోటోలే వేయిద్దామండీ. పన్నెండు నెలలూ మీవేనండీ" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నెలకో ప్లేటు ఏరి, పాత చీర ముక్కల్లో చుట్టి, పెట్టెలో పేర్చి ఇచ్చాను. దారిలో పగులుతాయేమోనని తాడేపల్లిగూడెం దాకా రైల్లో ఆ పెట్టె నా ఒళ్ళోనే పెట్టుకుని వెళ్ళాను.

కొత్త సంవత్సరానికి క్యాలెండరు, దాంతో పాటే నా ప్లేట్ల పెట్టె తిరిగి వచ్చాయి. ఏప్రిలులో వేపపూత లేదు, రంగు లిల్లీలున్నాయి. జూనులో మా లాకులు లేవు, ఏ దేశందో తెల్ల తెరచాప పడవ ఉంది. అంతవరకు ఓర్చుకున్నాను. డిసెంబరు తిప్పాను.

డిసెంబరు ప్లేటు నేను దెందులూరులో తీసింది. మా వారి సొంత ఊరు. కోతల పండగ నాడు వరికుప్ప ముందు మా పేట వాళ్ళంతా నిలబడ్డారు. కాళ్ళకు చెప్పుల్లేవు, కొడవళ్ళు చేతుల్లోనే ఉన్నాయి, ముఖాల్లో ఏడాది కష్టం తీరిన నవ్వుంది. అందరికీ ముందు మా కృప, ఆరేళ్ళది, దేవుడికిచ్చే తొలి వరికట్ట ఒక చేత్తో ఎత్తుకుని నిలబడింది. దాని పక్కన ఎనిమిదేళ్ళ ప్రసాదరావు. నేను నల్లగుడ్డ కింద తల దూర్చగానే దడుచుకుని వాడు పారిపోబోతే, కృప రెండో చేత్తో వాడి చొక్కా అంచు పట్టుకుని ఆపింది. మరుసటి వానల్లో జ్వరం తగిలి కృప పోయింది. దానికి వేరే ఫోటో లేదు. ఆ ప్లేటు నుంచి వేసిన ఒకే ఒక్క ప్రింటును, మా వారు పోయినప్పుడు ఆయన చేతుల్లో ఉంచి పెట్టె మూయించాను. ప్లేటుంది కదా, ఎండ ఉంది కదా, ఎప్పుడు కావలిస్తే అప్పుడు మరొకటి వేసుకోవచ్చుననుకున్నాను.

తెలియనివారి కోసం రాస్తున్నాను. గాజు ప్లేటు మీద బొమ్మ ఒక పలచటి పొరలో ఉంటుంది. ఆ పొర గీకేసిన చోట కాగితం మీద నలుపు పడుతుంది. ఎర్రరంగు పూసిన చోట తెలుపు పడుతుంది. ప్రసాదరావు బెజవాడ నుంచి ఒక ఆర్టిస్టును పిలిపించి, వరికుప్ప మీద, ఆకాశం మీద, మా పేట జనం మీద ఎర్రరంగు పూయించి మంచు కురిపించాడు. ముందున్న పిల్లలిద్దర్నీ బ్లేడుతో గీకించి, ఆ చోట ఒక దేవదారు చెట్టు మొలిపించాడు. ప్రింటు మీద కాదు, ప్లేటు మీదే చేయించాడు. నా కూతుర్ని గీకేశాడు. తనను తాను కూడా గీకేసుకున్నాడు.

అడిగితే ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "క్రిస్మసంటే మంచుండాలి కదండీ పెద్దమ్మగారూ. చెప్పుల్లేని వాళ్ళని క్యాలెండరు మీద వేస్తే చూసేవాళ్ళు ఏవనుకుంటారండీ? మా మిల్లుకి పరువు తక్కువండీ." గొంతు పెంచలేదు, అండీ మానలేదు. ఆ మిల్లులో ఆడే ధాన్యం ఎవరి కాళ్ళు తొక్కిన బురదలోంచి వచ్చిందో అతనికి తెలియదా? దెందులూరులో మంచు ఎన్నడు గడ్డకట్టింది? తెల్లారగట్ల కాస్త పొగమంచు పడుతుంది, ఎండెక్కగానే పోతుంది, మనుషులు కోతకు వెళతారు. మా పండగ అదే. తను పుట్టిన పేటను చూసి సిగ్గుపడేవాడు సిగ్గుపడనీ. ఆ సిగ్గుకు నా బిడ్డను ఎందుకు చెరిపాడు?

ఇంతా చేసి, పెద్దమ్మ తరవాత మిగిలిన ప్లేట్లన్నీ వేన్నీళ్ళలో వేసి కడిగేస్తే పటాలకు చక్కటి గాజు అవుతుందని సువర్ణతో అన్నాడట. సువర్ణ ఏడుస్తూ వచ్చి చెప్పింది. అందుకే ఈ వీలునామా.

5. నా స్టాండు కెమెరా, నల్లగుడ్డ, డార్క్ రూం సామాను, డిసెంబరు ప్లేటు మినహా నా గాజు ప్లేట్లన్నీ మహబూబ్ బీ కూతురు సాబిరాకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ఘోషా ఇళ్ళ ఆడవాళ్ళు మగ ఫోటోగ్రాఫరు ముందుకు రారు. వాళ్ళు నా దగ్గరికి వచ్చారు, ఇక సాబిరా దగ్గరికి వస్తారు. ఆ పిల్లకు చెయ్యి స్థిరం, ఓపిక ఎక్కువ, అడగని సలహా ఇవ్వదు. మిషను కెమెరా సాయిబుల ఇంటికా అని సంఘంలో కొందరు గొణుగుతారు. కెమెరాకు బాప్తిస్మం ఎవరూ ఇవ్వలేదని వారికి నా తరపున చెప్పవలెను. షరతు ఒక్కటే. కాలవకు కొత్తనీరు వదిలిన రోజున, ఏటా నేను నిలబడిన లాకుల గట్టు మీదే నిలబడి, సాబిరా ఒక ప్లేటు తీయాలి. నేను మొదలుపెట్టిన వరసలో ఏ ఏడూ ఖాళీ పోగూడదు. ఇంకొక మాట, షరతు కాదు. అమ్మా సాబిరా, ఏ పండగకైనా ముందు నేలను చూడు, తరవాత మనుషుల్ని నిలబెట్టు.

6. కొల్లేట్లో తాటిదోనె నడిపే సత్తిబాబుకు నా పెద్ద గొడుగు, అతని తల్లి తామరాకులు కోస్తున్న ఫోటో పెద్దది ఒకటి వేయించి ఇవ్వవలెను. "వచ్చేశాయండీ అమ్మగారూ" అని గూడబాతుల కబురు మొదట అతనే పంపేవాడు. అయినా ఒక కోపం ఉంది. దోనె ఒరిగి నేను నడుంలోతు నీళ్ళలో నిలబడితే, "కెమెరా తడవలేదండీ, మీరే తడిశారండీ" అని పడీపడీ నవ్వాడు. అది నేను మరిచిపోలేదని గొడుగు ఇచ్చేటప్పుడు చెప్పండి. ఇకమీదట సాబిరాను పక్షుల దగ్గరికి తీసుకుపోవడం అతని వంతు.

7. సంఘపెద్ద నిత్యానందం గారికి నా బూరుగుదూది దిండు. ఏటా క్రిస్మసుకు ఆయన ఒక పచ్చని సరుగుడు చెట్టు నరికించి, దానికి బూరుగుదూది అతికించి, అదే మంచని చెప్పి, చెమటలు కారుతున్న పిల్లల చేత దాని చుట్టూ పాటలు పాడిస్తారు. ప్రసాదరావు ఆ చెట్టు చుట్టూ పాడిన వాడే. ఈ మంచు పిచ్చి ఎక్కడ అంటుకుందో నేను వెతుక్కోనక్కర్లేదు. నిత్యానందం గారూ, దూది తలకింద పెట్టుకోండి, నిద్ర బాగా పడుతుంది. ఆ చెట్టును బతకనివ్వండి. సంఘానికి మాత్రం, మిగిలిన కోతల పండగ ప్లేట్ల నుంచి ప్రింట్లు వేయించి ఇవ్వవలెను. వాటిని చర్చి వరండాలో, పిల్లల కంటికి అందే ఎత్తున తగిలించాలి. లోపల బీరువాలో దాస్తే తిరిగి తీసుకునే హక్కు సువర్ణకు ఉంది.

8. నేనుంటున్న పెంకుటిల్లు, పెరడు, పెరట్లోని వేపచెట్టు, నా చీరలు సువర్ణకు చెందవలెను. వీధిగది మాత్రం సాబిరా ఉన్నంతకాలం స్టూడియోగానే ఉండాలి. సువర్ణా, ఆ రోజు నువ్వు వచ్చి నిజం చెప్పావు. అన్నతో మాట పడ్డావు. ఇల్లు అందుకని ఇవ్వడం లేదు, నువ్వంటే నాకు చాలా ఇష్టం కనుక ఇస్తున్నాను. బతికుండగా ఈ మాట నీతో అననే లేదు.

9. ప్రసాదరావుకు ఆ డిసెంబరు ప్లేటు. ఇంకేమీ లేదు.

దాన్ని పటాలు కట్టే రసూల్ చేత టేకు చట్రంలో బిగించి, తాడేపల్లిగూడెంలో అతని ఇంటికి తీసుకుపోయి, వీధివైపు కిటికీకి తగిలించి రావలెను. కడగడానికి గాని, ఒకరికి ఇవ్వడానికి గాని అతనికి హక్కు లేదు. తీసుకోనంటే అచ్యుతరావు గారు ఆ గుమ్మంలో కూర్చుని, తీసుకున్నాకనే లేవాలి.

నాయనా ప్రసాదూ, ఇక్కడి నుంచి నీతోనే మాట్లాడుతున్నాను. క్రిస్మసు వారంలో పొద్దుటెండ ఆ కిటికీ మీద పడ్డప్పుడు దగ్గరికి వచ్చి నిలబడు. చెట్టు గీకిన చోట గాజు ఖాళీగా ఉంటుంది. అందులోంచి మీ వీధి కనిపిస్తుంది. మిల్లుకు ధాన్యం తోలుకొచ్చే బళ్ళు, వాటి వెంట నడిచే మనుషులు కనిపిస్తారు. వాళ్ళ కాళ్ళు చూడు.

తరవాత చెట్టు మొదట్లో చూడు. చిన్న మచ్చ ఒకటి ఉంది. మీ క్యాలెండరులోనూ ఉంది. చెట్టుకు కట్టిన అలంకారమనుకుని ఎవరూ పట్టించుకోలేదు, ముందు నేనూ పట్టించుకోలేదు. మొన్న భూతద్దం పెట్టి చూశాను. మీ ఆర్టిస్టు బ్లేడు అక్కడిదాకా రాలేదు. అది కృప పిడికిలి. నీ చొక్కా అంచు ఇంకా అందులోనే ఉంది.

ఇది నా ఆఖరి మాటగా, చదివి చూసుకుని, ఏమీ కొట్టివేయకుండా సంతకం చేశాను.

ఏలూరు,
1937 మార్చి 29, సోమవారం.

(సంతకం) నేలపూడి హన్నమ్మ

సాక్షులు, నేను సంతకం చేయగా చూసి తామూ సంతకం చేసినవారు:
1. బుచ్చిబాబు, కాంపౌండరు, ఏలూరు.
2. షేక్ రసూల్, పటాలు కట్టే దుకాణం, ఏలూరు.