నడిమి లెక్క

శ్రీవారికి,

నమస్కారాలు. నేను కులాసా, మీ అత్తగారు నాకంటే కులాసా. మీ దగ్గు తగ్గిందనే నమ్ముతూ ఇది రాస్తున్నాను.

ఇంటి సంగతులు అడిగారు. వంటింటి కిటికీ రెక్క ఇప్పటికీ మూసుకోదు. మీరొచ్చి బాగుచేస్తారని వడ్రంగిని పిలవలేదు. "అల్లుడొచ్చేదాకా ఈ చలిలో నన్ను వణకమంటావుటే?" అని అమ్మ రోజూ సాధిస్తోంది. మీ గళ్ల చొక్కా ఏదన్నారు కదా, నా ఒంటి మీదే ఉంది. పంపను.

నది సంగతి మాత్రం అడగలేదు. అడగకూడదని తెలిసీ, అడగలేదని నాకు కోపం. నాది ఎగువ ప్రభుత్వం జీతం, మీది దిగువ ప్రభుత్వం జీతం. పెళ్లికి ముందు సరిహద్దు వంతెన కింద ఒకే పడవలో కూర్చుని, నీటిమట్టం చూపే ఒకే గేజి స్తంభం చదివేవాళ్లం. నీళ్లు ఎక్కువ వదిలామని చూపడానికి మావాళ్లు అల లేచినప్పుడు చదవమనేవారు, తక్కువొచ్చాయని చూపడానికి మీవాళ్లు అల పడినప్పుడు చదవమనేవారు. మొదటిరోజే మీరు, "ఏవండీ, నడుమ రాసేసుకుందామా? నదికేం తెలుసు మనవాళ్ల తగవు!" అన్నారు. నాకు ఆ పూటే సగం పెళ్లయిపోయింది.

ఆ ఉమ్మడి పడవ ఆపేశారు. ఇప్పుడు మీరు దిగువన వేరే గేజి చదువుతున్నారు, వంతెన దగ్గర నేనొక్కదాన్నే చదువుతున్నాను. పక్కన పోట్లాడేవాళ్లు లేక ఏమీ తోచదు.

ఎప్పుడొస్తావని అడిగారు. నీళ్లు నమలకుండా చెబుతాను. నీటి పంపకం తేల్చే కమిటీ మొన్న నన్ను పిలిచింది. అల పైభాగమే చెప్పమన్నారు మా పెద్దసారు. నేను నడిమి లెక్కే చెప్పాను. ఆయన, "మొగుడు దిగువనుంటే పెళ్లాం ఇంకేం చెబుతుందండీ!" అన్నాడు. గదంతా నవ్వింది. నా ఒళ్లు మండిపోయింది. ఆ ఒక్క మాటతో నా కొలత కొట్టేస్తే, వచ్చే వేసవిలో మీవైపు పొలాలు ఎండిపోతాయి. నిజం చెప్పినా అది మొగుడికోసమే అంటారు.

అందుకే అక్కడే లేచి మాటిచ్చాను. తీర్పు వచ్చేదాకా మిమ్మల్ని కలవను, మాట్లాడను, ఉత్తరమైనా రాయను అని. నా కొలత తీసుకున్నారు. రేపటినుంచి ఆ మాట అమలు. ఇలాంటి తీర్పులు ఏళ్లూ పూళ్లూ పడతాయని మీకూ తెలుసు. మిమ్మల్ని అడక్కుండా ఇచ్చేశాను, కోప్పడండి. ఆ కోపమైనా నాకు చేరే దారి లేదని ఇప్పుడు ఏడుస్తున్నాను. అమ్మ నన్ను తిట్టబోయి, "అవ్వా కావాలి బువ్వా కావాలంటే ఎలాగే" అని తనే కళ్లు తుడుచుకుంది.

పొద్దున్నే గేజి చూశాక అరచెయ్యి నీళ్లలో కాసేపు ఉంచుతాను. ఆ నీళ్లు ఎలాగూ మీ దగ్గరికే వస్తాయి. అల లేచినా పడినా మీరు నడుమే చదవండి.

వడ్రంగిని పిలవను. అమ్మకి ఇంకో దుప్పటి కొన్నాను.

ఇట్లు,
ఎగువనున్న మీ ఇల్లాలు